ఎవరికి వర్తించదో ముందు రాయాలి: విజయవాడ స్వచ్ఛంద బృందాల కోసం నడుస్తున్న వారపు పేజీ, ఒక కేస్ స్టడీ

ప్రతి శనివారం సాయంత్రం మా దగ్గర్నుంచి ఒక పేజీ బయటికి వెళ్తుంది. ఏ4 కాగితం, ఒకే వైపు, పెద్ద అక్షరాలు. వాట్సాప్‌లో ఫొటోగా వెళ్తుంది, కొన్ని చోట్లకు జిరాక్స్ కాపీ వెళ్తుంది. విజయవాడలో స్వచ్ఛందంగా పనిచేసే చిన్న బృందాలకు ఆ వారం తెలియాల్సిన కబుర్లు, అందుకోదగిన అవకాశాలు అందులో ఉంటాయి. ఆరేడు అంశాలకు మించి పెట్టం. దీన్ని నడిపే ఇద్దరు ముగ్గురిలో నేనొకణ్ణి. వేరే ఊళ్లవాళ్లు ఇలాంటిది తామూ పెట్టుకుంటామని అడుగుతున్నారు కాబట్టి ఇది ఎలా నడుస్తోందో, ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ పనికి రావడం లేదో ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందే చెప్పేస్తే మంచిది: ఒక అవకాశం గురించి రాసేటప్పుడు అది ఎవరికి వర్తించదో మొదటి వాక్యంలోనే రాయాలి. మా పేజీకి ఏదైనా విలువ ఉంటే అది ఈ అలవాటు వల్లే వచ్చింది.

ఎవరి కోసం

విజయవాడలో పేరున్న పాత సంస్థలు చాలానే ఉన్నాయి. గోరా గారి నాస్తిక కేంద్రం 1940లో ముదునూరులో మొదలై 1947లో ఇక్కడికి వచ్చింది. వాసవ్య మహిళా మండలి 1969 నాటిది. రైల్వే స్టేషన్లో, రోడ్ల మీద బతికే పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ 1989 నుంచి పనిచేస్తోంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఇక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు అటు తరలివెళ్లిన కథలు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాంటి పెద్ద సంస్థలకు మా పేజీతో పనిలేదు. వాళ్లకు ఆడిటర్ ఉంటాడు, ఆఫీసులో ఇంగ్లిష్ చదివి చెప్పే మనిషి ఉంటాడు, ఢిల్లీలో ఏదైనా రూలు మారితే మాకంటే ముందే తెలుస్తుంది.

మేం రాసేది వాళ్ల తర్వాతి వరుసకు. వాంబే కాలనీలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే డిగ్రీ కుర్రాళ్లు. కృష్ణలంకలో రక్తదాతల లిస్టు ఫోన్లో పెట్టుకున్న ఆటో డ్రైవర్లు. చిట్టినగర్ వైపు కొండమీది ఇళ్లకు నీళ్లు ఎక్కడం లేదని బిందెలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడవాళ్లు. మానసిక వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘం. దిక్కులేని శవాలకు దహనం చేసే మిత్రబృందం. పటమటలో అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద నడిచే పొదుపు సంఘాలు, వాటి మీద బస్తీ స్థాయి సమాఖ్యలు (ఎస్‌ఎల్‌ఎఫ్‌లు), వాటి మీద పట్టణ సమాఖ్య. వీళ్లలో కొందరికి సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది. చాలామందికి రబ్బరు స్టాంపు, లెటర్ హెడ్ తప్ప ఇంకేమీ లేవు. కొందరికి ఆ రెండూ కూడా లేవు, అయినా పని ఆగదు.

నగరపాలక సంస్థలో 64 డివిజన్లు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. కలెక్టరేట్లో సోమవారం సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక నడుస్తుంది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే తలుపులు చాలానే ఉన్నాయి. ఏ పనికి ఏ తలుపు తట్టాలో, ఏ కాగితం పట్టుకెళ్లాలో చెప్పే మనిషి లేకపోవడమే ఇబ్బంది. ఒకప్పుడు ఆ పని మనుషులే చేసేవారు. హైదరాబాద్‌లో 1967లో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు గురించి చదివితే కమ్యూనిటీ ఆర్గనైజర్లు బస్తీల్లో తిరుగుతూ కబురు అటూ ఇటూ మోసిన తీరు తెలుస్తుంది. ఇప్పుడు కబురు ఫోన్లో వస్తోంది. ఇది నీకు పనికొస్తుందా లేదా అని ఫోను చెప్పదు.

సమస్య సమాచారం లేకపోవడం వల్ల రాలేదు

మొదట్లో మేం కలిసిన బృందాల వాళ్లు ఫోన్లు తీసి చూపించారు. "ఎన్జీవోలకు కేంద్రం నుంచి పాతిక లక్షలు, నేడే అప్లై చేయండి." "12ఏ, 80జీ, సీఎస్‌ఆర్, దర్పణ్ అన్నీ కలిపి ప్యాకేజీ." "విదేశీ నిధులు ఇప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు." (12ఏ అంటే సంఘం ఆదాయానికి, 80జీ అంటే దాత ఇచ్చే చందాకు పన్ను మినహాయింపు. సీఎస్‌ఆర్ అంటే కంపెనీలు సామాజిక పనులకు పెట్టే డబ్బు. దర్పణ్ అంటే స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదయ్యే పోర్టల్.) ఈ మెసేజ్‌లు పది గ్రూపుల్లో పదిసార్లు తిరుగుతుంటాయి. చూసిన ప్రతిసారీ మనకేదో దక్కాల్సింది పోతోందన్న టెన్షన్. ఆ టెన్షన్ మీదే బతికే ఏజెంట్లు ఉన్నారు.

ట్యూషన్ కుర్రాళ్లకు జరిగింది చెబుతాను. ఒక ఏజెంటు వాళ్లకు సొసైటీ పెట్టించాడు. ఆ తర్వాత కంపెనీల నుంచి సీఎస్‌ఆర్ డబ్బు వస్తుందని చెప్పి దానికి వేరే ఫీజు అడిగాడు. రూలు ఏమిటంటే, కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పని బయటి సంస్థ ద్వారా చేయిస్తే 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ సంస్థకు సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి. సొంతంగా పెట్టుకున్న సొసైటీకి అది రావాలంటే 12ఏ, 80జీ ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి, ఫారాన్ని చార్టర్డ్ అకౌంటెంటో కంపెనీ సెక్రటరీయో కాస్ట్ అకౌంటెంటో ధ్రువీకరించాలి. ఈ కుర్రాళ్ల సొసైటీకి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఫీజు కట్టబోయేముందు రోజు రాత్రి మా పేజీ వాళ్ల కంట పడింది. అందులో సీఎస్‌ఆర్ గురించి మొదటి వాక్యం, "మూడేళ్లు నిండని సంఘాలకు ఇది లేదు, ఎవరు ఇప్పిస్తామన్నా డబ్బు కట్టకండి" అని ఉంది. పొద్దున్నే ఫోన్ చేసి, నిజమేనా అని మూడుసార్లు అడిగారు.

అవకాశాల గురించి రాసేవాళ్లంతా సాధారణంగా తలుపు బార్లా తెరిచినట్టు రాస్తారు. "స్వచ్ఛంద సంస్థల నుంచి దరఖాస్తుల ఆహ్వానం" అని పేపర్లో పడితే వంద బృందాలు ఆశపడతాయి, అర్హత ఉన్నవి ఐదారు ఉంటాయి. మిగతావాళ్లు రెండు వారాలు కాగితాల వెంట తిరిగి, ఆఖర్న ఎక్కడో ఏడో పేజీలో ఉన్న షరతు దగ్గర ఆగిపోతారు. పగలు ఆటో నడిపి రాత్రి సేవ చేసే మనిషికి రెండు వారాల సాయంత్రాలంటే చిన్న నష్టం కాదు. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి నిజంగా అర్హత ఉన్న దానికి కూడా రారు.

ఒక అంశం ఎలా రాస్తాం

వరస ఎప్పుడూ ఒకటే. ఎవరికి కాదు. అసలు ఏమిటి. ఏ కాగితాలు కావాలి. తేదీ. ఎవరిని అడగాలి. తేదీ దగ్గర రెండు తేదీలు వేస్తాం: ప్రభుత్వం పెట్టిన ఆఖరి తేదీ, దానికి పదిహేను రోజుల ముందు మేం పెట్టుకున్న తేదీ. రెండోదే లావు అక్షరాల్లో ఉంటుంది. సర్వర్ డౌన్ అనే మాట వినని ఆఖరి తేదీ మన దేశంలో లేదు కాబట్టి.

2025 వేసవిలో వేసిన ఒక అంశాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"12ఏ, 80జీ రెన్యువల్. రిజిస్టర్ కాని బృందాలు, పొదుపు సంఘాలు, 12ఏ ఎప్పుడూ తీసుకోని సొసైటీలు ఇది వదిలేయండి. మిగతావాళ్లు మీ ఆర్డరు బయటికి తీయండి. అందులో అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 వరకు అని ఉంటే అది 2026 మార్చి 31తో అయిపోతుంది. ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30లోగా, ఫారం 10ఏబీ ఆన్‌లైన్‌లో పెట్టాలి. సొసైటీ సర్టిఫికెట్, బైలా, పాత ఆర్డరు, గత మూడేళ్ల లెక్కలు, చేసిన పనుల మీద ఒక నోట్ దగ్గర పెట్టుకోండి. మీ ఆదాయం గత రెండేళ్లలో ఏ ఏడాదీ 5 కోట్లు దాటకపోతే (మీలో ఎవరికీ దాటదు) ఈసారి 12ఏ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు బదులు పదేళ్లకు వస్తుంది. మన తేదీ: సెప్టెంబరు 15. ఆర్డరు దొరక్కపోతే కూడా రండి."

బ్రాకెట్లో ఆ మాట ఉండాలా వద్దా అని మాలో చిన్న వాదన జరిగింది. ఉంచాం. చదివినవాళ్లు నవ్వుకున్నారు, నవ్వుకున్నవాళ్లు మొత్తం చదివారు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. 2021 ఏప్రిల్ నుంచి పాత రిజిస్ట్రేషన్లన్నీ మళ్లీ తీసుకోవాలన్నారు, ఫారం 10ఏ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2024 జూన్ 30 దాకా తెచ్చారు. అన్నిసార్లు పొడిగించడంతో చిన్న సంఘాలకు "ఎలాగూ మళ్లీ పొడిగిస్తారులే" అన్న ధీమా వచ్చేసింది. ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు తేదీ అంటే పెళ్లిపత్రికలో ముహూర్తం లాంటిదనుకున్నారు, కాస్త అటూ ఇటూ అయినా తాళి కట్టేస్తారని.

ఆర్డరు ఎక్కడుంది?

ఈ అంశం పడ్డాక వచ్చిన ఫోన్లలో ఫారం ఎలా నింపాలి అని అడిగినవాళ్లు తక్కువ. "ఆర్డరు మా దగ్గర లేదు" అన్నవాళ్లే ఎక్కువ.

నేను ఈ రంగంలో ఇన్నేళ్లుగా చూసినదాంట్లో చిన్న సంఘాల ప్రాణం తీసేది నిధుల కొరత కంటే ఇదే. ఆర్డరు ఎప్పుడో ఆడిటర్ మెయిలుకు వచ్చి ఉంటుంది. పోర్టల్ లాగిన్‌కు ఓటీపీ పాత సెక్రటరీ ఫోనుకు వెళ్తుంది. పాత సెక్రటరీ ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయి ఉంటాడు, లేదా అలిగి ఉంటాడు. అలిగిన సెక్రటరీ దగ్గర్నుంచి ఓటీపీ తెప్పించడం ఒక కళ. అందులో మాలో ఒకావిడ సిద్ధహస్తురాలు. కాగితం గురించి ఎత్తకుండా ముందు వాళ్ల పిల్లల చదువు గురించి ఓ అరగంట మాట్లాడుతుంది.

అందుకని ఒక లైబ్రరీ హాలు అడిగి తీసుకుని "కాగితాల రోజు" పెట్టాం. ఉపన్యాసాలు లేవు, దీపప్రజ్వలన లేదు. సంచిలో ఏ కాగితం ఉంటే అది తెచ్చుకోండి అన్నాం. ఒక సంఘం అధ్యక్షురాలు చీరల డబ్బాలో తెచ్చింది. మినిట్స్ బుక్, పాత రసీదు పుస్తకాలు, కరెంటు బిల్లులు, ఒక సన్మానపత్రం, అడుగున 80జీ ఆర్డరు జిరాక్సు. అసలు ఎక్కడుందో తెలియదు. జిరాక్సులో నంబరు ఉంది, అదే చాలని తెలిశాక ఆవిడ ముఖం వెలిగింది.

ఆ రోజు ఇంకో సంగతి బయటపడింది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం సొసైటీ పెట్టడానికి కనీసం ఏడుగురు ఉండాలి, ఇది అందరికీ తెలుసు. ప్రతి ఏడూ సర్వసభ్య సమావేశం అయ్యాక కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు, అంటే మన జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో, దాఖలు చేయాలన్న తొమ్మిదో సెక్షన్ మాత్రం చాలామందికి తెలియదు. సొసైటీ పెట్టిన రోజు ఇచ్చిన జాబితాతోనే ఏళ్లు గడిపేస్తారు. అధ్యక్షుడు చనిపోయినా కాగితం మీద ఆయనే అధ్యక్షుడు. అప్పుడు బ్యాంకులో సంతకం మార్చాలంటే ఒక బ్యాంకు మేనేజరు రిజిస్ట్రార్ ధ్రువీకరించిన జాబితా తెమ్మంటాడు, జాబితా కోసం వెళ్తే మధ్యలో దాఖలు చేయని ఏళ్లన్నీ తెమ్మంటారు. డబ్బు ఖాతాలోనే ఉంటుంది, తీయలేరు. దీనికి తోడు 2023 మార్చిలో మనీ లాండరింగ్ నిరోధక నిబంధనలు మారాక, ఖాతా ఉన్న లాభాపేక్ష లేని సంస్థల వివరాలు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఉండేలా చూడాల్సిన బాధ్యత బ్యాంకుల మీద పడింది. ఆ కబురు సంఘాలకు చేరేది, ఖాతా గురించి కౌంటర్లో అడిగినప్పుడే.

అప్పటినుంచి పేజీ అడుగున ఒక స్థిరమైన గడి పెట్టాం, ఆ నెలలో ఎవరు ఏం దాఖలు చేయాలో. ఏప్రిల్, మే నెలల్లో 80జీ ఉన్నవాళ్లకు ఫారం 10బీడీ గుర్తుచేస్తాం. దాతల వివరాలు మే 31లోగా ఇవ్వకపోతే రోజుకు 200 రూపాయల ఫీజు, పైగా దాతకు పన్ను మినహాయింపుకు కావాల్సిన 10బీఈ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ రాని దాత మరుసటి ఏడాది చందా ఇవ్వడు. 2,000 దాటిన నగదు చందాకు 80జీ మినహాయింపు లేదన్న ముక్క ప్రతి ఏటా వేస్తాం, ప్రతి ఏటా ఎవరో ఒకరు కొత్తగా ఆశ్చర్యపోతారు.

వరద వారం

2024 ఆగస్టు 31 శనివారం పేజీ ఎప్పటిలాగే వెళ్లింది. ఆదివారం తెల్లారేసరికి బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లోకి వచ్చేశాయి. పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ అన్నీ నీళ్లలోనే. మా పేజీ చదివే బృందాల్లో చాలామంది ఇళ్లు అక్కడే. సాయం చేసేవాళ్లే సాయం కోసం డాబాల మీద నిలబడ్డారు.

మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. టీవీల్లో బ్యారేజీ దృశ్యాలే. దాంతో బయటి ఊళ్ల నుంచి ఆహారం తెచ్చినవాళ్లు చాలామంది కృష్ణ ఒడ్డుకు వెళ్లాలనుకున్నారు. కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ నిలబడింది, సింగ్ నగర్‌కు వచ్చినంత ముప్పు అటు రాలేదు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర మాత్రం సీన్ వేరు. రోడ్డు అక్కడితో ఆగిపోయి నీళ్లు మొదలవుతాయి. లారీలు, ఆటోలు, కార్లు అన్నీ ఆ మొదట్లోనే ఆగాయి. పులిహోర పొట్లాలు అక్కడ పేరుకుపోయాయి. రెండు మూడు కిలోమీటర్లు లోపల పాలు లేవు, తాగే నీళ్లు లేవు.

వారపు పేజీ ఆ రోజుల్లో రోజువారీ అయింది, కొన్ని రోజులు పూటపూటకూ వెళ్లింది. కరెంటు లేదు, లోపలివాళ్ల ఫోన్లు చచ్చిపోయాయి. లోపలికి వెళ్లి వచ్చిన పడవల వాళ్లను, ట్రాక్టర్ల వాళ్లను ఫ్లైఓవర్ దగ్గర పట్టుకుని అడగడం తప్ప వేరే దారి లేదు. అక్కడ కూడా మా పాత వరసే వాడాం. "ఫ్లైఓవర్ దగ్గర అన్నం వద్దు. వండినది ఇక్కడ పాడైపోతోంది. పడవ లేనివాళ్లు ఇక్కడికి రావద్దు. కావాల్సినవి: పాల పాకెట్లు, నీళ్ల బాటిళ్లు, పసిపిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, కొవ్వొత్తులు, షుగర్, బీపీ మాత్రలు. తెచ్చినది పడవ ఉన్న ఈ బృందానికి ఇచ్చి వెళ్లండి." వద్దు అని రాయడానికి మొహమాటం వేస్తుంది. గుంటూరు నుంచో ఏలూరు నుంచో ఎంతో ప్రేమతో వండి తెచ్చినవాళ్లకు వద్దని ఎలా చెబుతాం? కానీ ఆ ఒక్క వాక్యం చూసి మధ్యలో బండి ఆపి, పులిహోర వేరేచోట పంచేసి, నీళ్ల బాటిళ్లు కొనుక్కొచ్చినవాళ్లు ఉన్నారు.

విదేశాల నుంచి తెలుగువాళ్లు డబ్బు పంపుతామని ఫోన్ల మీద ఫోన్లు. ఇక్కడ చట్టం కత్తి అంచు మీద ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాలకు కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంఘం కూడా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో పెట్టిన ఖాతాలోకే మొదట తీసుకోవాలి, ఆ డబ్బు ఇంకో సంఘానికి బదలాయించకూడదు. ఇదంతా ఆ హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది? పేజీలో ఒకే ముక్క వేశాం: "పంపేవాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిది అని ముందు అడగండి. మనది కాకపోతే మీ ఖాతా నంబరు ఇవ్వొద్దు, ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ పేరు చెప్పండి." ఒక ఫుడ్ బ్యాంక్ బృందం అలా చెప్పి మంచి మొత్తాన్నే వదులుకుంది. బాధపడ్డారు, తిట్టుకున్నారు కూడా, మమ్మల్ని.

నీళ్లు తీశాక వార్త మారిపోయింది. ఫైరింజన్లు వచ్చి ఇళ్లల్లో బురద కడుగుతున్నాయి. ఏ వీధికి ఎప్పుడు వస్తాయి? నష్టం లెక్కలు రాసేవాళ్లు ఎప్పుడొస్తారు? ఇల్లు మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబానికి 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 అని ప్రభుత్వం ప్రకటించాక, జాబితాలో పేరు లేనివాళ్లు సచివాలయాల దగ్గర క్యూ కట్టారు. అద్దెకు ఉన్నవాళ్లది పెద్ద గొడవ, ఓనరు ఆధార్‌తో రాసేశారనే ఫిర్యాదులు వచ్చాయి. ఆ రెండు మూడు వారాలు మా పేజీలో అవకాశాలేమీ లేవు, ఏ కాగితం తీసుకుని ఏ సచివాలయానికి వెళ్లాలి, అక్కడ కాకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఎలా ఇచ్చి రసీదు తీసుకోవాలి అన్నదే. మెప్మా ఆర్పీలు (పొదుపు సంఘాలతో పనిచేసే రిసోర్స్ పర్సన్లు) ఆ పేజీని గట్టిగా చదివి వాయిస్ మెసేజ్‌గా తమ సంఘాల గ్రూపుల్లో పెట్టారు. మాకు ఆ ఆలోచన రాలేదు, వాళ్లకు వచ్చింది. ఇప్పుడు ప్రతి వారం ఒక ఆర్పీ గొంతులో ఆడియో కూడా వెళ్తుంది, ఫొటో కంటే దాన్నే ఎక్కువమంది ముందుకు పంపుతున్నారు.

వరద తర్వాత కంపెనీలు కూడా వచ్చాయి. విపత్తు సాయం, పునరావాసం కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో, అంటే సీఎస్‌ఆర్ కింద చేయదగిన పనుల జాబితాలో ఉన్నాయి, ముఖ్యమంత్రి సహాయనిధి లేదు. కాబట్టి సీఎస్‌ఆర్ లెక్కలో చూపించుకోవాలనుకున్న కంపెనీకి క్షేత్రంలో పనిచేసే సంస్థ కావాలి. హైదరాబాద్ కంపెనీ ఒకటి బడిపిల్లలకు పుస్తకాలు, బ్యాగులు ఇస్తామంది. సీఎస్‌ఆర్-1 ఉన్న ఒక పాత సంస్థ డబ్బు తీసుకుని లెక్క చూసుకుంది. ఏ ఇంట్లో ఏ క్లాసు పిల్ల ఉంది, ఎవరి పుస్తకాలు తడిశాయి అన్న జాబితా మన ట్యూషన్ కుర్రాళ్లు చేశారు. ఇంటింటికీ తిరిగి చేసిన జాబితా అది. ఆ కంపెనీ ప్రతినిధి వచ్చి యాదృచ్ఛికంగా కొన్ని ఇళ్లు తనిఖీ చేస్తే ఒక్క పేరూ తప్పు లేదు. ఇలాంటి జోడీలు కుదర్చడం ఇప్పుడు మా పేజీ చేసే పనుల్లో పెద్దదైంది.

పని చేయనివి, మేం చేయనివి

ఫొటోలు వేయం. ఫలానా నాయకుడికి జన్మదిన శుభాకాంక్షలు వేయమని అడుగుతుంటారు, నవ్వి ఊరుకుంటాం. డబ్బు తీసుకుని ఏ అంశమూ వేయం. జిరాక్స్ ఖర్చు మేమే పంచుకుంటాం. ఆర్డరు గానీ నోటిఫికేషన్ గానీ మా కళ్లతో చూడకుండా రాయం. పేపర్ కటింగ్ చాలదు, ఎందుకంటే జిల్లా పేజీల్లో జరిగిపోయిన సభ ఫొటో దొరుకుతుంది, జరగబోయేదాని షరతులు దొరకవు. ఈ పట్టుదల వల్ల కొన్ని కబుర్లు మా దగ్గర ఒక వారం ఆలస్యంగా పడతాయి. పడనివ్వండి.

2025 మార్చి 30న ఉగాది రోజు రాష్ట్ర ప్రభుత్వం పీ4 అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు సంఘాల నుంచి ఒకటే ప్రశ్న: "మాకెంత వస్తుంది?" మేం రాసిన మొదటి వాక్యం, "ఇది సంఘాలకు గ్రాంటు ఇచ్చే పథకం కాదు." స్థోమత ఉన్నవాళ్లు మార్గదర్శులుగా పేద కుటుంబాలకు, అంటే బంగారు కుటుంబాలకు, తోడు నిలబడాలన్నది దాని ఉద్దేశం. అందులో చిన్న బృందం చేయగలిగింది ఏదైనా ఉంటే, తన బస్తీలో నిజంగా అవసరం ఉన్న కుటుంబం జాబితాలో ఉందో లేదో చూడటం. ఆ మాట రాశాక ఉత్సాహం సగానికి సగం చల్లారింది. మిగిలిన సగం పనికొచ్చింది.

పెద్ద దాతల దరఖాస్తు ఫారాల విషయంలో మాత్రం మా పేజీ చేతులెత్తేసింది. అవన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. అవుట్‌కమ్, ఇంపాక్ట్, సస్టైనబిలిటీ అని గడుల నిండా మాటలు. పదేళ్లుగా శవాలు మోస్తున్న కుర్రాళ్లను "మీ పని వల్ల వచ్చిన కొలవదగిన మార్పు ఏమిటి" అని అడిగితే ఏం రాస్తారు? ఆరుగురు కాలేజీ పిల్లలు స్వచ్ఛందంగా ఫారాలు నింపిపెడతామని ముందుకొచ్చారు, సెమిస్టర్ పరీక్షలు వచ్చేసరికి ఇద్దరు మిగిలారు. మై భారత్ పోర్టల్ ద్వారా యువ వలంటీర్లను వెతికే ప్రయత్నం నడుస్తోంది. 2023 అక్టోబరులో కేంద్రం పెట్టిన వేదిక అది. పేర్లు చాలా వస్తాయి, మనుషులు రావడం తక్కువ.

రిజిస్టర్ చేసుకోవాలా?

పేజీ మొదలైనప్పటి నుంచి మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. వరంగల్ నుంచి మొన్న వచ్చిన మిత్రులూ ఇదే అడిగారు. తెలంగాణలోనూ అదే 2001 చట్టం పేరు మార్చుకుని నడుస్తోంది కాబట్టి జవాబూ ఒకటే.

చాలా బృందాలకు అవసరం లేదని నా అభిప్రాయం. ఏటా జాబితా, ఆడిట్, రిటర్ను, బ్యాంకు, దర్పణ్, ఆ తర్వాత 12ఏ, 80జీ. ఇవన్నీ మోయడానికి ఒక మనిషి పూర్తికాలం కావాలి. ఏడాదికి యాభై వేలు చేతులు మారని బృందానికి ఆ మనిషి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? రిజిస్ట్రేషన్ ఉంటే గౌరవం ఉంటుందనే మాట నిజమే, ఆఫీసుల్లో కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ కోసం పెట్టుకున్న సొసైటీలు మన ఊళ్లో ఎన్నో మూలనపడి ఉన్నాయి. డబ్బు పెద్ద మొత్తంలో రావడం మొదలైతే, ఆస్తి కొనాల్సి వస్తే, మనుషులకు జీతం ఇవ్వాల్సి వస్తే అప్పుడు తప్పదు. అప్పటిదాకా కాగితాలు సరిగ్గా ఉన్న ఒక పెద్ద సంస్థ నీడన, రాతపూర్వకంగా ఒక ఒప్పందం రాసుకుని పనిచేయడం మేలు. ఆ ఒప్పందంలో మూడు సంగతులు తప్పకుండా ఉండాలి: డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, బిల్లులు ఎవరి పేరు మీద ఉండాలి, ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ముందు వస్తుంది. మూడోది రాసుకోకపోతే మొదటి రెండూ నిలబడవు.

కృష్ణలంక రక్తదాతల బృందం మొన్న ఈ విషయం మీదే కూర్చుంది. సొసైటీ పెడదామని సగం మంది, వద్దని సగం మంది. గంటన్నర వాదించుకున్నాక, ఇప్పుడున్నట్టే ఉందాం, లిస్టు మాత్రం ఒక్కరి ఫోన్లో కాకుండా ముగ్గురి ఫోన్లలో పెడదాం అని తేల్చుకుని స్టాండుకు వెళ్లిపోయారు.